పక్కసీటు మనిషి

ముందు సీట్లో ఎవరో నొప్పుల బామ్ మూత తీశారు. విమానం ఎక్కి ఇంకా ఎంతోసేపు కాలేదు. భోజనం ట్రేలు తీసుకుపోయి దీపాలు తగ్గించారు. కర్పూరం, పుదీనా కలిసిన ఆ ఘాటు చల్లగాలిలో మెల్లగా వెనక్కి పాకి నా దాకా వచ్చింది. చుట్టుపక్కల ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం నిటారుగా లేచి కూర్చున్నాను. ఆ వాసన వస్తే చాలు, కుర్చీ వెనక్కి నెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయే ఒక మనిషిని నేను ఎరుగుదును. ఆమె పేరు విమల. మేమంతా విమలక్క అనేవాళ్ళం. ఆమె పోయి ఏళ్ళు గడిచాయి.

హైదరాబాద్‌లో నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి వైపు నడుస్తుంటే, ఒక బట్టల దుకాణం పైన మొదటి అంతస్తులో ఉండేది ఆమె ట్రావెల్స్ ఆఫీసు. ఒకే గది, దానికో సన్నని బాల్కనీ. డిగ్రీ అయిపోయి రాంనగర్‌లో ఇంట్లో ఖాళీగా ఉన్న నేను 2009లో అక్కడ టికెట్లు బుక్ చేసే ఉద్యోగంలో చేరాను. విమలక్కకి అప్పటికే యాభై దాటాయి. భర్త లేడు, పిల్లలు లేరు. అశోక్‌నగర్‌లో, పోటీపరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్ళ మధ్య, కింది పోర్షన్‌లో ఒక్కతే ఉండేది. గంజి పెట్టిన నేత చీర, భుజానికి పెద్ద సంచీ, వేగంగా నడిచే నడక. మనిషి కోపిష్టి కాదు గానీ మాట మాత్రం సూటిగా తగిలేది.

టికెట్ చేతిలో పెట్టి పంపించెయ్యడం ఆమెకు చేతకాదు. ఎవరైనా మొదటిసారి దూరదేశం వెళ్తున్నారంటే వాళ్ళని కూర్చోబెట్టి, ఆ ఇరుకు సీట్లో అంతసేపు ఎలా గడపాలో నేర్పేది. నేను చేరిన కొత్తలో అడిక్‌మెట్ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ వచ్చాడు. తమ్ముడి కూతురి పెళ్ళికి సిడ్నీ వెళ్తున్నాడు. అక్క మూడు ప్లాస్టిక్ కుర్చీలు గోడకి ఆనించి, ఒకదానికొకటి తగిలేలా జరిపింది. గోడ పక్కన ఆయన్ని కూర్చోబెట్టి, మధ్యలో నన్ను కూర్చోమంది. ఈ చివర తను కూర్చుంది.

"ఇగ మీరు బాత్రూంకు పోవాలె సార్. ఈ పిల్ల నిద్రపోయింది. ఏం చేస్తరు?" అంది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఆయన నవ్వి, "లేచేదాకా ఆగుతానమ్మా. పాపం, నిద్రపోయేవాళ్ళని లేపడం ఎందుకు?" అన్నాడు.

"అదే వద్దంటున్న. లేపుండ్రి. తిట్టుకుంటే తిట్టుకోనీ. విమానం దిగినంక మళ్ళ ఆ మనిషి మొహం చూస్తరా మీరు?"

ఆయన ఇబ్బందిపడుతూ నా భుజం తట్టేదాకా ఆమె వదల్లేదు. ఆ తర్వాత నడుం వెనక తువ్వాలు చుట్టి ఎలా పెట్టుకోవాలో చూపించింది. మడమలు ఎత్తీ దించీ పిక్కలకి పని చెప్పమంది. నీళ్ళు ఒక్కసారి కాకుండా కొంచెం కొంచెం తాగమంది. "బిగుతు ప్యాంటు వద్దు. కాళ్ళ దగ్గర సంచీలు పెట్టుకోకుండ్రి, కాళ్ళు చాపనీకె జాగ ఉండదు. సీటు చిన్నదే సార్, దాన్ని పెద్దగ చేసుడు మన చేతుల లేదు. ఒంటిని కదిలిచ్చుడు మన చేతుల ఉన్నది" అంది. ఆయన వెళ్ళాక నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఇంటికెళ్ళి మా అమ్మకి ఆ కుర్చీల సీను అభినయించి చూపించాను కూడా. టికెట్లు అమ్మే మనిషికి ఇంత అవసరమా అనుకున్నాను.

ఆ ఏడే వానాకాలంలో ఆఫీసు మెట్ల మీద నా కాలు మడతపడింది. మధ్యాహ్నం పని లేని వేళ, కుర్చీలో కాలు పైకి పెట్టుకుని బామ్ రాసుకుంటున్నాను. ఫోన్లో మాట్లాడుతున్న విమలక్క మాట మధ్యలో ఆపేసి, బాల్కనీలోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు. నేను కుంటుకుంటూ వెళ్ళి చూస్తే, కడ్డీలు పట్టుకుని కింద ట్రాఫిక్ చూస్తూ నిలబడి ఉంది. మొహం పాలిపోయింది.

"ఏమైందక్కా?"

"ఆ వాసన నాకు పడది" అంది ముందు. తర్వాత నా వైపు తిరగకుండానే చెప్పింది. ఆమె భర్త నరేందర్ గారు ఆఫీసు పని మీద ఆస్ట్రేలియా వెళ్ళి వచ్చాడట. తిరుగు ప్రయాణంలో కిటికీ సీటు. పక్కన ఇద్దరు నిద్రపోతున్నారు. వాళ్ళని లేపడం ఇష్టంలేక ఈయన కదలకుండా కూర్చున్నాడు. లేవాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగలేదు. ఇంటికి వచ్చాక పిక్క లాగుతోందన్నాడు. కూర్చుని కూర్చుని పట్టేసిందనుకుని ఈమె రోజూ బామ్ పెట్టి రుద్దింది. ఒక పొద్దున స్నానానికి లేచినవాడు గడప దగ్గరే కూలిపోయాడు. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి చేరిందని డాక్టర్లు చెప్పారు.

"అందరు జబ్బుతోని పోతరు. మా ఆయన మొహమాటంతోని పోయిండు" అంది విమలక్క. "నేను మందు రుద్దుకుంట కూసున్న. దవాఖానకు తోలుకపోవాలెనని నాకు తెల్వలే."

ఆ తర్వాత ఆ మూడు కుర్చీలు చూసి నేనెప్పుడూ నవ్వలేదు. మధ్య కుర్చీలో నిద్ర నటించడం నా ఉద్యోగంలో భాగమైపోయింది. కొన్నాళ్ళకి, ఆమె వేరే పనిలో ఉంటే, ప్రయాణికులకి నేనే చెప్పడం మొదలుపెట్టాను. చెబుతూ చెబుతూ ఎదుటి మనిషి కాళ్ళ వంక, నడక వంక చూడడం అలవాటైంది. మనుషుల్ని ఒక ఒళ్ళూ, దానికో నొప్పీ ఉన్నవాళ్ళుగా చూడడం నాకు ఆమె నేర్పిందే. అప్పటిదాకా నాకు వాళ్ళు కంప్యూటర్ తెరమీది పేర్లు మాత్రమే.

అంతమందిని విమానం ఎక్కించిన ఆమె మాత్రం నరేందర్ గారు పోయాక ఒక్కసారి కూడా ఎక్కలేదు. తిరుపతికైనా రైలే. ఆమెకు ఒక చెల్లెలు ఉండేది, సుజాత. తల్లి చిన్నప్పుడే పోతే ఆ పిల్లని పెంచింది విమలక్కే. సుజాత పెళ్ళి చేసుకుని టొరంటో వెళ్ళిపోయింది. వారానికొకసారి ఆఫీసుకే ఫోను చేసేది. ఫోన్లో నవ్వు గదంతా వినబడేది. 2012 చివర్లో ఆ పిల్లకి క్యాన్సర్ అని తెలిసింది.

ఫోన్లు వారానికొకటి కాస్తా రోజుకొకటి అయ్యాయి. "రా అక్కా" అనేది సుజాత. "ఎండకాలం సీజన్ అయిపోనీ బిడ్డా, వస్త" అనేది ఈమె. సీజన్ అయిపోయింది. "వానలు తగ్గనీ" అంది. వీసా వచ్చింది. నేను ఆమె పేరున సీటు పట్టి పెట్టడం, ఆమె వద్దనడం, నేను దాన్ని రద్దు చెయ్యడం రెండు మూడుసార్లు జరిగాయి. ఆమెని ఆపుతున్నది సీజనూ వానలూ కాదని నాకు అర్థమవుతూనే ఉంది. ఫోన్ పెట్టేశాక ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని చూసుకుంటూ కూర్చునేది. ఒకరోజు సుజాత భర్త శ్రీధర్ నాతో మాట్లాడాలని అడిగాడు. "అమ్మా, సుజాత రోజు రోజుకు చిక్కిపోతున్నది. మీ మేడమ్‌ను ఎట్లనన్న తోలుకరా. నీకు గూడ వీసాకు పిలుపు లెటర్ పంపిస్త" అన్నాడు.

ఆ సాయంత్రం నేను ధైర్యం చేసి అన్నాను. "అక్కా, నేనొస్త నీతోని. నీ పక్కసీట్ల నేనుంట."

ఆమె టేబుల్ మీది కాగితాలన్నీ సర్ది పెట్టింది. చివరికి, "నువ్వు నిద్రపోతవు గద" అంది.

"పోను."

నా వీసా వచ్చేసరికి చలికాలం మొదలైంది. విమానంలో విమలక్క ఒక్క క్షణం కన్ను మూయలేదు. తను చెప్పిన ప్రతి మాటా తనే పాటించింది. లేచింది, నడిచింది, మడమలు ఎత్తింది, నన్ను లేపి నడిపించింది. నడవలో వెనక సీట్లవాళ్ళ కాళ్ళు కూడా చూసుకుంటూ పోయింది. సముద్రం మీద విమానం కుదిపినప్పుడు నా చేయి పట్టుకుంది. "దిగంగనే పిల్లకు ఏం వండిపెట్టాలె? చారు తాగుతదా?" అని అడిగింది. తాగుతుందన్నాను.

టొరంటోలో బయటికి వచ్చేసరికి శ్రీధర్ గాజు తలుపుల అవతల నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ముందుకు రాలేదు. విమలక్క సామాను బండి వదిలేసి ఆయన దగ్గరికి నడిచింది.

"ఎప్పుడు?" అంది.

"మీరు ఆకాశంల ఉన్నప్పుడు, వదినె."

ఆమె తలూపింది. ఏడవలేదు. ఇంటికి వెళ్ళగానే స్నానం చేసి, అన్నం వండి, చారు పెట్టింది. శ్రీధర్‌ని బలవంతంగా పళ్ళెం ముందు కూర్చోబెట్టింది. "తిను. రేపు నిలబడాలె నువ్వు" అంది. మర్నాడు చెల్లెలి దేహాన్ని చూపించిన గదిలో నేను ఆమె వెనకే ఉన్నాను. సుజాత తల మీద జుట్టు లేదు. రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి బడికి పంపిన తల అది. విమలక్క తన సంచీలోంచి పట్టు చున్నీ తీసి ఆ తలకి చుట్టింది, చెవుల మీద మెల్లగా సర్దింది. బొట్టు పెట్టింది. అప్పుడు కూడా ఏడవలేదు. అంత్యక్రియలు, ఆ పది రోజులూ ఇల్లంతా ఆమె చేతుల మీదే నడిచింది.

తిరుగు ప్రయాణంలో ఆమెకు మధ్యసీటు వచ్చింది. నాది నడవ వైపు. కిటికీ దగ్గర ఒక పెద్దావిడ, తలకు రంగుల గుడ్డ చుట్టుకుని ఉంది. ఏ దేశమో తెలియదు. మాకు వచ్చిన హిందీ, ఇంగ్లీషు ఆమెకు రావు. ఆమె భాష మాకు రాదు. దీపాలు తగ్గించి అంతా నిద్రకు ఒరిగాక విమలక్క భుజాలు కదలడం చూశాను. కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కవాళ్ళకి వినబడకూడదని ఊపిరి బిగబట్టి ఏడుస్తోంది.

"అన్ని నెలలు పిలిచింది పిల్ల. లోకాన్నంత విమానం ఎక్కిస్తి. నేను ఎక్కకపోతి" అంది కొంగులోనుంచే. నేను ఆమె వీపు నిమిరాను.

కిటికీ దగ్గరి ఆవిడ కళ్ళు తెరిచింది. కొంతసేపు చూసింది. తమ ఇద్దరి సీట్ల మధ్య, మోచేయి ఆనించుకునే చేతిపట్టీని పైకెత్తేసి, విమలక్క తలని తన భుజం మీదికి లాక్కుంది. అక్క ముందు బిగుసుకుంది, వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టింది. ఆవిడ ఆ చేతిని కూడా తన చేతిలోకి తీసుకుంది. అప్పుడు విమలక్కకి గొంతు విడింది. కొంగు జారిపోయింది. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అలాగే నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో అది. ఆవిడ భుజం కదల్చలేదు. భోజనం తెస్తే వద్దంది. లేచి నడవమని నేను సైగ చేశాను, అక్కని నా వైపు వాల్చుకుంటానని చేత్తో చూపించాను. ఆవిడ వేలు పెదవుల మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

విమానం మారే ఊళ్ళో మేము విడిపోయాం. ఆవిడ విమలక్క నుదుటి మీద ముద్దు పెట్టి జనంలో కలిసిపోయింది. హైదరాబాద్ విమానం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు అక్క అడిగింది.

"ఆమె పేరేంది?"

"అడగలేదక్కా" అన్నాను సిగ్గుపడుతూ.

"మంచిగైంది తియ్" అంది. "పేరు తెలిస్తే ఆ ఒక్కామెకే రుణపడి ఉందును. ఇప్పుడు పక్కసీట్ల ఎవరు కూసున్నా ఆమెనే అనుకుంట."

కానీ విమలక్క మళ్ళీ విమానం ఎక్కలేదు. జనం నెట్‌లో ఎవరి టికెట్లు వాళ్ళే కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఆఫీసుకు వచ్చేవాళ్ళు తగ్గారు. 2014 ఎండాకాలంలో అక్క ఆఫీసు మూసేసింది. నేను మరో కంపెనీలో చేరాను. అప్పుడప్పుడు సాయంత్రాలు అశోక్‌నగర్ వెళ్తే గుమ్మంలో కుర్చీ వేసుకుని, పుస్తకాలు పట్టుకుని పోయే హాస్టలు పిల్లల్ని చూస్తూ కనబడేది. మాట తగ్గింది. సుజాత పేరు ఎత్తేది కాదు. ఆ ఏడు వానల్లోనే ఒక పొద్దున పాలవాడు ఎంత పిలిచినా తలుపు తీయలేదు. గుండె ఆగిపోయిందన్నారు. నిద్రలోనేనట. శ్రీధర్ వచ్చేదాకా ఆగి, ఆయనతోనే తలకొరివి పెట్టించాం.

నా కొత్త ఉద్యోగంలో దూరప్రయాణాలు ఎక్కువ. ఎక్కినప్పుడల్లా పక్కసీట్లోకి ఎవరు వస్తారా అని చూస్తాను. వచ్చి కూర్చునే మనిషి ఎవరి దగ్గరికి వెళ్తున్నారో, ఎవరిని సాగనంపి వస్తున్నారో నాకు తెలియదు. అడగను. మా ఇద్దరి మధ్య ఉన్న చేతిపట్టీని మాత్రం పైకెత్తి పెడతాను. చాలామంది దాన్ని మళ్ళీ కిందికి దించుకుంటారు. నేనేమీ అనుకోను. ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరు, దించరు.