గుట్ట మీద జాజు ఎద్దు

చాలా ఏళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మిత్రులకు చెప్పలేదు. ఆ మిత్రులు ఎలాంటివాళ్లో కాసేపట్లో మీకే తెలుస్తుంది, వాళ్లకు చెప్పడం కన్నా సంతలో మైకు పట్టుకుని అరవడం నయం. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెబుతున్నాను. నా మీద జాలి పడాల్సిన పనేం లేదు. నాకే లేదు.

మాది సూర్యాపేట. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఆదివారం వస్తే కొందరం కలిసి బైకుల మీద తిరుగుతాం. పాత బండ్లబాటలు, తవ్వి వదిలేసిన సున్నపురాయి గనులు, కాపరులు తప్ప ఎవరూ ఎక్కని గుట్టలు. ఒక వారం కోదాడ దాటి అనంతగిరి వైపు, ఒక వారం మిర్యాలగూడ మీదుగా వాడపల్లి వైపు. మొదట్లో అది మంచి అలవాటే. వారమంతా చాక్‌పీసు దుమ్ము మింగినవాడికి గుట్ట మీద బండ నీడన కూర్చుని, కింద పత్తి చేలను, దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ పొగను చూస్తూ సద్ది విప్పుకోవడం కన్నా సుఖం ఏముంటుంది? అప్పట్లో ఎవరూ ఎవరికీ ఏమీ చూపించుకునేవాళ్లం కాదు.

తర్వాత రామచంద్రం వచ్చాడు. మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఉన్నాయన. నెత్తి మీద అంచుల టోపీ, ఒంటి నిండా జేబులున్న ప్యాంటు, చేతిలో మడతపెట్టే కర్ర. మా ముసలి కాపరులు చెప్పులు కూడా లేకుండా ఎక్కే గుట్టకు ఈయన హిమాలయాలకు పోతున్నట్టు తయారై వచ్చేవాడు. ఎక్కడ కాలు పెడితే అక్కడ ఏదో ఒకటి కనిపెట్టేవాడు. గొర్లు తాతల కాలం నుంచి నీళ్లు తాగుతున్న గుంట పక్కన నిలబడి ఫోటో దిగి, 'నేను కనుగొన్న జలాశయం' అని వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. మిగతావాళ్లు చప్పట్ల బొమ్మలు పంపేవాళ్లు. భజన బృందం! నేనూ పంపేవాణ్ణి. పంపి, ఫోను పక్కన పడేసి తిట్టుకునేవాణ్ణి.

మాలో ప్రభుదాసు అని ఒకాయన ఉండేవాడు. కోదాడ అవతల ఒక పల్లెలో సర్కారు బడి టీచరు, నాకన్నా పెద్ద. పొద్దున చర్చికి వెళ్లి, ప్రార్థన అయ్యాక బయల్దేరి ఆలస్యంగా వచ్చి మాతో కలిసేవాడు. నిజం చెప్పాలంటే ఆయనన్నా నాకు చిన్నచూపే. అందరికీ సరిపడా పులిహోర తెచ్చేవాడు. ఎవరైనా వెనకబడితే తనూ ఆగి, 'మెల్లగా రా తమ్ముడూ' అనేవాడు. ఇంత మంచితనం ఈయన్ని ఎవరడిగారు అని నాకు చిరాకు. బడికి రంగులు కొనే దిక్కు లేక, ఇళ్ల గడపలకు పూసే జాజు ఉంది చూడండి, ఆ ఎర్రమన్ను నానబెట్టి, దానితోనే బడి గోడల మీద పిల్లలకు బొమ్మలు వేసేవాడు. ఆవు, నెమలి, ఎడ్లబండి. ఆయన గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎరుపు ఉండేది.

ఇక నేను చేసిన పని.

రామచంద్రం గాలి తీయాలని నాకు బుద్ధి పుట్టింది. ప్రభుదాసును కాస్త జాజు అడిగాను. ఇంటి గడపకు, అన్నాను. పాపం, కవరు నిండా పెట్టి ఇచ్చాడు. ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక, వాడపల్లి దారిలో పాత గని పైనున్న గుట్ట ఎక్కాను, ఒక్కణ్ణే. పైన ముందుకు పొడుచుకొచ్చిన బండ ఒకటి ఉంది. దాని కింద వాన తగలదు, ఎండ తగలదు. అక్కడ ఒక ఎద్దును గీశాను. పెద్ద మూపురం, ఇంతింత కొమ్ములు, ముందర పుల్లల్లాంటి ఇద్దరు మనుషులు. గుడ్డతో రుద్ది వెలిసినట్టు చేశాను. పైన కాస్త దుమ్ము కొట్టాను. నా బొమ్మను చూసుకుని నేనే కడుపుబ్బ నవ్వాను. మర్నాడు ఆదివారం అందరం అటే వస్తాం, రామచంద్రం గంతులేస్తాడు, వీళ్లు భజన చేస్తారు, అప్పుడు నేను తడి రుమాలు తీసి అందరి ముందూ తుడిచేస్తాను. అంతే నా ఎత్తు.

అనుకున్నట్టే అయింది. అనుకున్నదానికన్నా ఎక్కువే అయింది. రామచంద్రం దాన్ని చూసి కెవ్వుమన్నాడు. బూట్లు విప్పి దండం పెట్టాడు. వేల ఏళ్ల నాటిదని ఆ నిలబడ్డ చోటనే తేల్చేశాడు. ఒకడికి కొమ్ముల మధ్య సూర్యుడు కనపడ్డాడు. ఇంకొకడు, ఆ పుల్ల మనిషి నెత్తిన ఉన్నది కిరీటమే అని వాదించాడు. ఓరి నాయనో, నా బ్రష్షు జారిన మరక అది! రుమాలు నా జేబులోనే ఉంది. తడిగానే ఉంది. తీయలేదు.

ఎందుకు తీయలేదు? నన్ను నేనే చాలాసార్లు అడిగాను. వాళ్లను అలా చూడటం తియ్యగా ఉంది, అదే జవాబు. వాళ్లు ఎంత మూర్ఖులైతే నేను అంత తెలివైనవాణ్ణి అయిపోతున్నట్టు, ఇన్నేళ్లుగా బడిలో, ఇంట్లో, ఈ గ్రూపులో ఎవరూ నాకివ్వని పెద్దరికం ఏదో ఆ బండ కింద నాకొక్కడికే దొరికినట్టు అనిపించింది. ఇంకో వారం ఆడనీ అనుకున్నాను. ప్రభుదాసు అలవాటు ప్రకారం ఆలస్యంగా వచ్చాడు. బొమ్మను చూశాడు. నన్ను చూసి చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఆట కాసేపట్లో ముగుస్తుందనుకున్నాడేమో.

నేను ముగించలేదు. పేపర్లో జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. రామచంద్రానికి శాలువా కప్పారు. కింది ఊరి ఆడవాళ్లు వచ్చి ఎద్దుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి వెళ్లారు. ఇంత దూరం వచ్చాక ఎలా చెప్పను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

చివరికి రామచంద్రమే, తన గొప్ప ఇంకా పెరగాలని, ఇలాంటివి తెలిసిన ఒక పెద్దాయనను పట్నం నుంచి పిలిపించాడు. దారి పొడవునా ఫ్లెక్సీలు. ఆ పెద్దాయన వేలికి ఉమ్ము రాసుకుని ఎద్దు కాలి మీద రుద్దాడు. ఎర్రబడిన వేలిని అందరికీ చూపించాడు. ఇది గడపకు పూసే జాజు అని ఒక్క మాట చెప్పి దిగిపోయాడు.

నేను ఎదురుచూసిన గడియ అదే కదా. రామచంద్రం మొహం మాడిపోయింది. కానీ ఆయన తను మోసపోయానని ఒప్పుకునే రకం కాదు. "ఎవడు చేసిండ్రా ఇది? వాన్ని ఇడిచిపెట్ట!" అని అరిచాడు. అందరూ తిరిగి ప్రభుదాసు చేతుల వైపు చూశారు. అంతే, ఇంకెవరికీ సాక్ష్యం అక్కర్లేకపోయింది.

కిందకు దిగాక, బైకుల దగ్గర, ప్రభుదాసు నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, నేనే చేశానంటున్నారు. నువ్వొక మాట చెప్పు."

"ఏం చెప్పాలె అన్నా?"

"నేనిచ్చిన జాజే గదా అది. నవ్వులాటకి చేశానని చెప్పెయ్యి, అయిపోద్ది. నీ పక్కనే నిలబడతాను, తిడితే ఇద్దర్నీ తిడతారు."

"ఏ జాజు?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "గడపకని అడిగావు గదయ్యా."

"నాకేం తెల్వదన్నా. నన్నెందుకు గుంజుతవ్ దీంట్లకు?"

"సరే తమ్ముడూ," అన్నాడు. బండి తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒక్క మాట, 'ఆ మన్ను వీడికే ఇచ్చాను' అని ఒక్క మాట అంటే చాలు, నమ్మినా నమ్మకపోయినా ఇద్దరి మధ్య తగాదాగా మిగిలేది. అనలేదు. దాన్ని చాలా కాలం పిరికితనం అని పిలిచాను. చేతకానివాడు, నోరు లేనివాడు అని తిట్టుకున్నాను. నా నోరు మాత్రం ఏం గొప్పగా పని చేసిందట? ఛీ.

రామచంద్రానికి తిట్టడానికి ఒక మనిషి కావాలి, దొరికాడు. జాజు సారు అని పేరు పెట్టాడు. ఆ పేరు మిర్యాలగూడ నుంచి కోదాడకు ప్రభుదాసుకన్నా ముందే చేరింది. టీ కొట్ల దగ్గర జాజు సారు. టీచర్ల మీటింగులో జాజు సారు. ఆయన బడి పిల్లల తండ్రులు కూడా, దొంగబొమ్మలు వేసేటాయన మా పిల్లలకు ఏం నేర్పుతాడు అన్నారట. ఒకసారి సెలవు రోజున ఆ బడి వైపు వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. నెమలి లేదు, బండి లేదు. ఎదురింటి ఆమె నన్ను చూసి, "సారే సున్నమేసిండు. పిల్లలు ఏడ్సిన్రు, అయినా ఇనలే," అంది. మంచినీళ్లు తాగమంది. వద్దని వచ్చేశాను.

ఆయన మాతో రావడం మానేశాడు. కోదాడ బస్టాండులో అప్పుడప్పుడు ఎదురుపడతాడు. 'బాగున్నావా తమ్ముడూ' అంటాడు. నేను తొందరలో ఉన్నానంటాను.

మొన్న ఆదివారం గ్రూపులోకి కొత్తగా ఒకతను వచ్చాడు. రామచంద్రం అతనికి జాజు సారు కథ చెప్పాడు. చెప్పి చెప్పి ఎంత పెంచాడంటే, ఇప్పుడు ఆ కథలో రామచంద్రమే ఆ మోసాన్ని మొదటి రోజే కనిపెట్టాడు! అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. అందరికన్నా గట్టిగా నవ్వాను. నవ్వుతుండగా నా గొంతు నాకే వినపడింది.

ప్రభుదాసు దగ్గరకు వెళ్తానా? వెళ్లాలి. వెళ్తానని మీకు మాటివ్వను, నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకు తెలుసు. వెళ్లినా ఏమని అడగను? క్షమించమంటే ఆయన క్షమిస్తాడు, ఆ మనిషి అలాంటివాడు, అప్పుడు నేను తేలిగ్గా బయటపడి మళ్లీ ఆదివారం బైకు తీస్తాను. అది నాకు దక్కకూడదు. ఇది రాసినందుకు మాత్రం ఒళ్లు కాస్త తేలికైంది. ఆ తేలికను చూసినా నాకు అసహ్యంగానే ఉంది, కానీ లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి?

మీరెప్పుడైనా ఇటు వచ్చి, ఏ టీ కొట్టు దగ్గరో జాజు సారు కథ వింటే, నవ్వాలనిపిస్తే నవ్వండి. మనిషి ఎవరన్న దగ్గర మాత్రం పొరబడకండి. జాజు సారు ఆయన కాదు. నేను.