చేతులు కడుక్కుని పేపరు చదివిన రోజులు

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మా కాలనీ క్లబ్బు పక్కన ఒక రీడింగ్ రూమ్ ఉండేది. రేకుల కప్పు, రెండు పొడవాటి బల్లలు, నాలుగు బీరువాల పుస్తకాలు... వాకిట్లో ఒక నల్లా. లోపలికి వెళ్లాలంటే ఒకటే షరతు. ఆ నల్లా కింద చేతులు కడుక్కోవాలి.

ఫస్టు షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి కూడా పోకుండా బొగ్గు బట్టలతోనే వచ్చేవాళ్లు. లైబ్రరీ చూసుకునే రాజలింగు సారు గుమ్మంలో కుర్చీ వేసుకుని "చెయ్యి సూపెట్టు" అనేవాడు. మసి కనిపిస్తే మళ్లీ నల్లా దగ్గరికే. ఏ గని, పర్మినెంటా కాంట్రాక్టా, ఎవరి బిడ్డవి... ఇవేవీ అడిగేవాడు కాదు. కిరాణా కొట్టువాళ్ల పిల్లలైనా, రిక్షా తొక్కేవాళ్లైనా చెయ్యి శుభ్రంగా ఉంటే చాలు.

పేపరు ఒకటే, చదివేవాళ్లు బోలెడుమంది. అందుకని సారు పొద్దున్నే దాన్ని షీట్లు షీట్లుగా విడదీసి బల్ల మీద పరిచేవాడు. "మూడో పేజీ ఎవలకు గావాలె?" అని ఒకరు, "ఆటల పేజీ నాకియ్యి బావా" అని ఇంకొకరు... చదువు రానివాళ్ల కోసం ఎవరో ఒకరు పైకి చదివేవాళ్లు.

మాకు అమ్మంటే అవ్వ, నాన్నంటే బాపు. బాపుకి అప్పుడు చదువు రాదు. గనిలో పారతో బొగ్గు నింపే పని. జీతం కౌంటర్ దగ్గర గుమాస్తా ఆయన బొటనవేలు పట్టుకుని సిరా దిండు మీద అదిమి, కాగితం మీద ఒత్తేవాడట. అంటిన సిరాను తలవెంట్రుకలకు రాసుకుంటూ బయటికి వస్తుంటే ఎంత సిగ్గయ్యేదో బాపు చాలాసార్లు చెప్పాడు.

అందుకే రీడింగ్ రూమ్‌లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పేపరు చదివించుకునేవాడు. నేను నాలుగో తరగతి. నేను చదివే లైను కింద ఆయన వేలు మెల్లగా కదిలేది... కొన్నాళ్లకు నాకంటే ముందు కదలడం మొదలైంది. కౌంటర్ దగ్గర మొదటిసారి సంతకం పెట్టిన రోజు ఇంటికి మిర్చి బజ్జీలు తెచ్చాడు. "గింత సంబురమేంది?" అని అవ్వ నవ్వితే, "ఇగ నా ఏలు ఎవ్వడు వట్టుకోడు" అన్నాడు.

రిటైరై, అదే కాలనీలో ఉంటున్న నా దగ్గరికి వచ్చాక కూడా బాపు రీడింగ్ రూమ్ మానలేదు. చొక్కా జేబులో పెన్ను కూడా మానలేదు.

ఈమధ్య మా క్లబ్బు కమిటీ పెద్దలకు కొత్త తెలివి పుట్టింది. ఆ గదిని డిజిటల్ లైబ్రరీ చేశారు. ఏసీ, కంప్యూటర్లు, గాజు తలుపు... ప్రపంచంలోని పుస్తకాలన్నీ మీ చేతిలో అని గోడ మీద రంగు అక్షరాలు. పేపర్లు తెప్పించడం ఆపేశారు, అన్నీ తెర మీదే చూసుకోవాలట. బీరువాలు ఎక్కడికి పోయాయని అడిగితే చెప్పే నాథుడు లేడు. తలుపు పక్కన మాత్రం వేలిముద్ర మిషను బిగించారు.

కంప్యూటర్లు వద్దని నేను అనడం లేదు. నా ఉద్యోగమే కంప్యూటర్ ముందు. ఎక్కడిదో పుస్తకం మా కాలనీ పిల్లలకు అందితే నాకూ సంతోషమే. కానీ అందరికీ అందించడానికని పెట్టి, గుమ్మంలోనే ఆపేస్తే ఎవరికి అందినట్టు?

మొదటి రోజు బాపు వెళ్లిన కాసేపటికే తిరిగొచ్చాడు. ఏమైందో చూద్దామని మర్నాడు నేనూ వెంట వెళ్లాను. ఇన్‌ఛార్జి కుర్రాడు మర్యాదస్తుడే.

"మెంబర్ గావాలంటె ఏలిముద్ర వడాలె తాతా."

"సంతకం వెడ్త బిడ్డా" అని బాపు పెన్ను తీశాడు.

"సంతకం నడ్వది తాతా. సిస్టం తీస్కోదు."

బాపు పెన్ను జేబులో పెట్టుకుని బొటనవేలు మిషను మీద ఆనించాడు. ఎర్ర లైటు. ఇంకోసారి... మళ్లీ ఎర్ర లైటే. ఏళ్ల తరబడి పార పట్టి గీతలు అరిగిపోయిన వేలది, ముద్ర ఎక్కడి నుంచి పడుతుంది?

ఆయన బయటికి నడిచాడు. చూస్తే... ఆ పాత నల్లా కింద చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటున్నాడు. గని మానేసి ఎన్నేళ్లయింది, ఆ చేతులకు ఇంకెక్కడి మసి? నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. తువ్వాలుతో తడి తుడుచుకుని వచ్చి బాపు మళ్లీ వేలు పెట్టాడు. అదే ఎర్ర లైటు.

"పేపర్ చదువుటానికి వేలిముద్రెందుకు తమ్మీ? ఆయన దొంగతనానికి వచ్చిండా?" అని అరిచాను.

"నన్నేం జెయ్యమంటవక్కా... కమిటీల అడుగు" అన్నాడు ఆ పిల్లవాడు తల దించుకుని.

కమిటీలో అడిగాను. కొన్నాళ్లు ఓపిక పడితే కంటిపాపను చూసే మిషను వస్తుందని పెద్దమనిషి ఒకాయన సెలవిచ్చారు. వేలు కాకపోతే కన్నట! మనిషి ఎదురుగా నిలబడి నేను ఫలానా అని చెబుతుంటే వినడానికి మాత్రం వీళ్లకు తీరిక లేదు.

ఇంటికి వచ్చే దారిలో బాపు ఒక్కటే మాటన్నాడు. "ఏలిముద్ర ఎయ్యొద్దనే గద బిడ్డా నేను సదువు నేర్సుకున్నది... ఇప్పుడు సదువుకోవాల్నంటె ఏలిముద్ర ఎయ్యాల్నట."

ఆ తర్వాత అటు వైపు పోలేదు. నేను ఇంటికే పేపరు వేయిస్తున్నాను. బాపు పొద్దున్నే దాన్ని షీట్లు షీట్లుగా విడదీస్తాడు... తనకు కావలసింది ఒకటి తీసుకుని, మిగతావి పక్క కుర్చీలో పెడతాడు. వాటిని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. సాయంత్రానికి నేనే మడిచి లోపల పెడతాను.

మీ చిన్నప్పటి లైబ్రరీలో గుమ్మం దగ్గర ఏం అడిగేవాళ్లో కింద రాయండి. ఇప్పటికీ చెయ్యి శుభ్రంగా ఉంటే చాలనే లైబ్రరీ మీ ఊళ్లో ఉంటే అదీ చెప్పండి... ఎంత దూరమైనా సరే, మా బాపును తీసుకొస్తాను.