బొట్టు పెట్టిన మెమరీ

2021 చలికాలం. అనకాపల్లి మెయిన్‌రోడ్డులోని నా కంప్యూటర్ రిపేరు షాపు షట్టర్ ఎత్తానో లేదో, రమణమ్మక్క ఆటో దిగింది. చేతుల్లో డెస్క్‌టాప్ డబ్బా, ముఖాన కోపం. మాకవరపాలెంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటుందావిడ.

"మోసం సేసేవు తమ్ముడూ! 3200 స్పీడు మెమరీ అని నిన్న అమ్మేవు. ఇంటికెళ్లి బిగిత్తే 2400 అనే సూపిత్తంది. వీడియో ఆగి ఆగి నడుత్తంది. సాయంత్రం రిసెప్షన్లో పెద్ద తెర మీద ఎయ్యాలి. అంత పని నన్ను నమ్మి ఇవ్వడం ఇదే మొదలు!"

అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. మోసం అన్న మాటకి మండిపోయి, విసురుగా మూత విప్పాను. లోపల చూశాక నవ్వాగలేదు. కొత్త మెమరీ, అదే ర్యామ్ పట్టీ, పక్కనే పాత 2400ది, దాని మీద కుంకుమ బొట్టు!

"దసరాకి పెట్టేను. నా మొదటి మెమరీ అది. కలిసొచ్చింది," అంది గుర్రుగా.

ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య డేటా నడిచే దారిని బస్ అంటాం. ఆ దారిలో రెండు మెమరీలుంటే, నెమ్మదైనదాని వేగానికే రెండూ దిగుతాయి. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని ఆవిడ కంప్యూటర్లో వీడియో పనికీ ఆ మెమరీయే దిక్కు. ఇదంతా ఎలా చెప్పాలి? వాళ్లది చెరుకు పండించే ఇల్లని గుర్తొచ్చింది.

"అక్కా, ప్రాసెసర్ గానుగ. మెమరీలు చెరుకు అందించేవాళ్లు. ఇద్దరూ ఒక్క ఊపున అందించాలి. ఒకడు నెమ్మదైతే?"

"రెండోవోడూ ఆగాల. గానుగ కాళీగా తిరుగుతాది."

"మరి గానుగ లాగలేనంత జోరుగా అందిస్తే?"

"ఏటి లాభం? అక్కడే పడుంటాది." అంతలోనే అనుమానం వచ్చింది. "అయితే నా పాతదాన్ని తీసేత్తావేటి? ఒప్పుకోను!"

"పారెయ్యనక్కా, నీ డబ్బాలోనే ఉంచుతాను," అన్నాను. ఆవిడ ప్రాసెసర్ 3200 వరకూ లాగుతుంది. పాతదాన్ని తీసి, కొత్తదానికి జోడీగా ఇంకో 3200ది బిగించి, సెట్టింగుల్లో 3200 ఎంచుకున్నాను. పాతదాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, డబ్బా లోపల ఓ మూలకి టేపుతో అంటించాను.

"అక్కడే కూకోనీ. సూత్తాది," అంది తృప్తిగా.

సాయంత్రం వీడియో కాల్ చేసింది. రిసెప్షన్ హాల్లో పెద్ద తెర మీద పెళ్లికూతురు తలంబ్రాలు పోస్తోంది, హాలంతా ఈలలు. "ఆగనేదు తమ్ముడూ! ఒక్కసారీ ఆగనేదు!" అని అరుస్తోంది అక్క. షాపులో ఒక్కణ్ణే నిలబడి నేనూ ఈల వేశాను. అంత సంతోషం ఏ రిపేరూ ఇవ్వలేదు.

ప్యాకెట్ మీది అంకె చూపించి అమ్మేస్తే సరిపోదని ఆ రోజు తెలిసింది. పక్కన ఏముందో, ప్రాసెసర్ ఎంత లాగుతుందో ముందే అడగాలి. ఇప్పుడు ఎవరి పాత మెమరీ తీసినా, దాని మీద బొట్టుందేమో చూశాకే పక్కన పెడతాను.