పటంలో లేని ఒళ్ళు

ఎమ్మిగనూరులో మా ఇంటి గోడ మీది పటంలో ముఖం మాత్రమే అమ్మది. పట్టుచీర కట్టిన ఆ ఒళ్ళు ఎవరిదో. అమ్మ పోయాక స్టూడియోవాళ్ళు ఆధార్ కార్డులోని ముఖం తీసి దానికి అతికించారు. మగ్గం నేసిన అమ్మ అసలు ఒళ్ళు నేను చూసింది చివరి స్నానం చేయించిన రోజునే.

నా ఒళ్ళంటే నాకే రోత. బట్టలు లేకుండా ఫొటో తీయించుకుంటే ఆ రోత పోతుందని ఎవరో అంటే, ఆదోనిలో ఫొటోలు తీసే ఒకామె ముందు అన్నీ విప్పి కూర్చున్నాను.

కెమెరా తెర మీద నా జారిన భుజాలు, మడతలు పడిన పొట్ట. ఆ రోజు నేను నీళ్ళు పోసిన ఒళ్ళే, ఇప్పుడు కళ్ళు తెరిచి నన్ను చూస్తోంది.

"ఆ మడతలు తీసేయల్లా అక్కా?" అని అడిగిందామె.

"వద్దు. మాయమ్మ ఒళ్ళు ఒకసారి తీసేసినారు, సాలు."