పప్పు ఉడకని నీళ్లు

గొట్టం దింపితే నూనె పొంగే దేశంలో, ఎక్కడినుంచో పీపాల్లో తెప్పించిన నల్ల ఇసుకను కడిగి తారు తీయడం మా కంపెనీ చేసే పని. ఈ సంగతి ఫోన్లో చెప్తే మా అమ్మ నవ్వింది. "దీనికోసమారా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది?" అంది. కోపం వచ్చి ఫోన్ పెట్టేశాను. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

సౌదీలోని దమ్మామ్ ఇండస్ట్రియల్ ఏరియాలో రెండు గోదాముల మధ్య ఇరుక్కున్న యార్డు మాది. సబ్బునీళ్లలాంటి ఒక మందు తయారుచేసి, నూనె ఇసుక తవ్వే దేశాలకు అమ్మాలని కంపెనీ ఆశ. ఆ ఇసుక చేతిలోకి తీసుకుంటే బెల్లం పాకంలో దొర్లించినట్టు జిగటగా ఉంటుంది, ప్రతి రేణువుకీ తారు పట్టేసి. దాన్ని వేడినీళ్లలో వేసి, కొంచెం కాస్టిక్ సోడా, కొంచెం మా మందు కలిపి తిప్పితే తారు ఇసుకను వదిలేస్తుంది. గాలి బుడగలకు అంటుకుని నురుగులా పైకి తేలుతుంది. ఇసుక అడుక్కి పోతుంది. పైనున్నది తోడుకోవడమే. ల్యాబ్‌లో గాజు బీకరులో నేనే చేసి చూపించాను. అడుగున బీచ్‌లో ఉన్నంత తెల్లటి ఇసుక, పైన నల్లటి మీగడ. వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. ఎంతమంది చూశారో గంటకోసారి చూసుకున్నాను కూడా.

మా మేనేజర్‌ది కాకినాడ వైపు. కెమిస్ట్రీ రాదు, స్లైడ్లు వచ్చు. నా బీకరు ఫోటోకి నాలుగు బాణాలు తగిలించి, కింద తన పేరు వేసుకుని, పెద్ద ట్యాంకులో ఇదే పని చేసి చూపిస్తామని బయటివాళ్లకు మాటిచ్చేశాడు. బుధవారం అతిథులు వస్తారు. సోమవారం రిహార్సల్.

ఆ ట్యాంకు నడిపేది కాక. జగిత్యాల పక్క ఊరు. నాకేమీ చుట్టం కాదు, మేముండే కంపెనీ క్యాంపులో మా వైపు కుర్రాళ్లందరికీ ఆయన కాకే. నన్ను మాత్రం తమ్మీ అని పిలిచేవాడు. ఇసుక బాగా శుభ్రపడిందో లేదో చూడాలంటే నేను మీటరు తీస్తాను, ఆయన బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య నలిపి వాసన చూస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. నా దృష్టిలో ఆయన వాల్వు తిప్పే ఒక చెయ్యి, అంతే. ఆయన మంచం కింద నీలం క్యాన్ ఒకటి ఉంటుంది, తాగేనీళ్లది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. శుక్రవారం ఆ నీళ్లతోనే పప్పు వండి నాకు ఒక గిన్నె పంపేవాడు. తిని గిన్నె కడక్కుండా తిరిగిచ్చేవాణ్ణి.

సోమవారం పొద్దున నీళ్ల ట్యాంకర్ వచ్చింది. నేను ఫోన్ పట్టుకుని రికార్డింగ్ మొదలుపెట్టాను. కాక పైపు దగ్గర నీళ్లు దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"తమ్మీ, ఇవి బోరునీళ్లు. ఉప్పగున్నయ్. ఒద్దు. తీపినీళ్ల ట్యాంకర్ చెప్పమను."

"ఏమైతది కాకా?"

"గీ నీళ్లల్ల కందిపప్పే ఉడుకది. సబ్బు పెడితే నురుగు రాదు. గా తారెట్ల ఊడుతది?"

నేను పగలబడి నవ్వాను. "కాకా, ఇది కెమిస్ట్రీ. నీ వంటగది కాదు."

"నవ్వుతె నవ్వు. నీళ్లు నీళ్లే గద." ఇంక నాతో లాభం లేదనుకుని, ట్యాంకర్ డ్రైవర్‌కి పైపు చూపించి అరిచాడు. "మోయా మాలె! మాఫీ జైన్!" ఉప్పునీళ్లు, బాగాలేవు అని. డ్రైవర్ భుజాలెగరేశాడు. చెప్పిన నీళ్లు తెచ్చాడు, పోశాడు, పోయాడు.

ఆ క్లిప్పుకి 'పప్పు ప్రొఫెసర్' అని రాసి కంపెనీ గ్రూపులో పడేశాను. అందరూ నవ్వారు. మేనేజర్ మూడు నవ్వు బొమ్మలు పెట్టాడు.

గంట గడిచినా నురుగు లేదు. కాస్టిక్ ఇంకొంచెం వేయమన్నాను. కాక నా మొహం వంక చూసి వేశాడు. ఇంకొంచెం అన్నాను. ట్యాంకులో తెల్లటి తరకలు పుట్టాయి, విరిగిన పాలలాగా. మట్టి, తారు, నీళ్లు అన్నీ కలిసి బూడిదరంగు గంజి అయిపోయింది. తేలాల్సింది తేలలేదు, మునగాల్సింది మునగలేదు. ల్యాబ్‌లో నేను వాడింది తాగే బాటిల్ నీళ్లు. ట్యాంకులో ఏ నీళ్లు పోస్తారని నాకు ఒక్కసారి కూడా అడగాలనిపించలేదు. కఠినజలంలో, అంటే ఇలాంటి బోరునీళ్లలో, సబ్బు ఎందుకు విరిగిపోతుందో నేను తొమ్మిదో క్లాసులోనే రాసి మార్కులు తెచ్చుకున్నాను.

మర్నాడు మేనేజర్ క్యాబిన్‌కి పిలిచాడు. టేబుల్ మీద ఒక కాగితం. ఆపరేటర్ నీళ్లను మరీ ఎక్కువ వేడి చేయడం వల్ల బ్యాచ్ పాడైందని ఇంగ్లీషులో ఉంది. కింద సాక్షిగా నా పేరు.

"సంతకం పెట్టవయ్యా."

"కాకకి ఏమవుతుంది సార్?"

"ఆయన ఇకామా ఈ నెల్లోనే అయిపోతోంది కదా. మళ్లీ రెన్యువల్ ఏం చేస్తాంలే. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించేద్దాం. ముసలాడు, ఊరికి పోయి హాయిగా కూర్చుంటాడు."

కాక చిన్నకొడుకు ఫార్మసీ చివరి ఏడాదిలో ఉన్నాడు. ఇకామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి, ఈ ఒక్కసారి రెన్యువల్ అయితే చాలని, తర్వాత తనే వెళ్లిపోతానని క్యాంపులో అందరికీ చెప్పేవాడు. అది నాకూ తెలుసు. తెలిసే పెన్ను తీసుకున్నాను. మీకు అబద్ధం చెప్పడం ఎందుకు, పెన్ను మూత కూడా తీశాను.

అంతలో మేనేజర్ అన్నాడు, "నీ మీదకి రాకుండా చూస్తున్నాను. ల్యాబ్‌లో గిన్నెలు తోముకునే కుర్రాడివి, కాస్త విశ్వాసం ఉండాలయ్యా."

గిన్నెలు తోముకునే కుర్రాణ్ణా? నా బీకరు ఫోటో కింద తన పేరు వేసుకున్నవాడు ఆ మాట అంటాడా? ఒళ్లు మండిపోయింది. న్యాయం కోసం అని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, మండింది అందుకే. ఫోన్ తీసి గ్రూపులోని క్లిప్పు ఆయన ముందే వేశాను. ట్యాంకర్, కాక వేలు, "మోయా మాలె, మాఫీ జైన్". కింద టైము. దాని కింద మేనేజర్ పెట్టిన మూడు నవ్వు బొమ్మలు.

"డిలీట్ చెయ్."

"మనకి వీసాలిచ్చిన ఓనర్, కఫీల్ కొడుకు కూడా గ్రూపులోనే ఉన్నాడు సార్. ఆయనకి మన తెలుగు రాదుగానీ, మోయా మాలె అంటే ఏంటో తెలుసు. చూసినట్టు టిక్కు కూడా పడింది."

మేనేజర్ ఫోన్ వంకా, కాగితం వంకా చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి డ్రాయర్‌లో పడేశాడు. చించే ధైర్యం కూడా లేదు మనిషికి. తర్వాత ఫోన్ ఎత్తి తీపినీళ్ల ట్యాంకర్‌కి చెప్పాడు, ఆలోచన తనదే అన్నంత దర్జాగా.

బుధవారం అతిథులు వచ్చారు. కాక నీళ్లు నోట్లో పోసుకుని చూసి, తలాడించి, వాల్వు తిప్పాడు. కాసేపటికి తారు నల్లటి మీగడలా లేచింది. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. మేనేజర్ ట్యాంకు మీద లేజర్ లైటు తిప్పుతూ మా ప్రాసెస్, మా టీమ్ అంటూ దంచాడు. కాక ట్యాంకు వెనకాల గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆయన్ని ఎవరికీ పరిచయం చేయలేదు. నేనూ చేయలేదు. వీడియో తీస్తున్నాను కదా.

నెలాఖరుకి ఆయన ఇకామా రెన్యువల్ అయింది. ఆ సాయంత్రమే ఆయన గదికి వెళ్లాను. ఒక మంచిమాట దొరుకుతుందని ఆశ నాకు.

"కాకా, ఆ రోజు నీ గురించి మేనేజర్‌తో లొల్లి పెట్టుకున్న, తెల్సా?"

"తెలిసింది సార్."

ఎప్పుడూ తమ్మీ అనే మనిషి. ఆ గ్రూపులో ఆయనా ఉన్నాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. అన్ని రోజులుగా బస్సులో, మెస్సులో, బాత్రూం లైన్లో అందరూ ఆయన్ని పప్పు ప్రొఫెసర్ అని పిలుస్తుంటే నేనూ నవ్వాను.

ఫోన్ తీశాను, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఆ క్లిప్పు పెట్టినప్పటి నుంచీ శుక్రవారాలు గిన్నె రావడం ఆగిపోయింది. నేనే వండుకుందామని చూస్తే కుళాయినీళ్లలో పప్పు ఎంతసేపటికీ రాళ్లలాగే ఉంది. "కొన్ని తీపినీళ్లు ఇస్తావా కాకా?" అని వెంట తెచ్చుకున్న బాటిల్ చాపి అడిగాను.

ఆయన మంచం కింద నుంచి నీలం క్యాన్ లాగి, నా బాటిల్ అంచుదాకా నింపాడు. మూత బిగించి రెండు చేతులతో ఇచ్చాడు.

"తీస్కోండి సార్."