పేర్లు లేని చౌకీ

కాపలాకు పంపిన మా ముగ్గుర్ని పడమటి చౌకీ దగ్గర దించేసరికి పొద్దున తొమ్మిది. ఇసుక వేడి అప్పటికే బూట్ల అడుగు దాటి పాదాలకు తగులుతోంది. సికింద్రాబాద్‌లో రైలెక్కి, పట్టాలు అయిపోయిన చోట దిగి, ఒంటెల మీద నాలుగు రోజులు పోతే వచ్చేది ఆ ఎడారి. హైదరాబాద్ రియాసత్‌కు, అంటే నిజాం రాజ్యానికి, ఆఖరి హద్దు. ఇప్పటి పటాల్లో వెతికినా మీకు దొరకదు. రియాసత్‌తో పాటు దాన్నీ చెరిపేశారు.

దారంతా ఒకరి పేరు ఒకరిని అడగనివ్వని జమేదారు, ఒంటెలు మోకాళ్ళ మీద కూర్చోకముందే హుకుం వినిపించాడు.

"ఈడ ఎవ్వలూ పేరు పెట్టి పిలవొద్దు. మీ పేరు, పెండ్లాం పేరు, ఆఖరికి దేవుని పేరు సుత నోట్లకెళ్ళి రావద్దు. ఇసుక వింటది. విన్నదంటే మిమ్మల్ని పిలుస్తది. పోయినోడు మళ్ళ రాడు."

నాకు నవ్వొచ్చింది. బోయిన్‌పల్లిలో వంకాయ మళ్ళకు నీళ్ళు కట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. దయ్యాల కథలు కడుపునిండా విన్నాను. ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. పొద్దు గుంకుతుంటే దిబ్బల్లోంచి ఎవరో ఒక మనిషిని పేరుపెట్టి పిలిచారు. ఆ పేరుకు మాలో ఎవరూ ఉలకలేదు. మాకు ముందు కాపలా కాసిన జట్టులోని వాడట.

"రోజూ గిట్లనే పిలుస్తది," అన్నాడు పాత జట్టు నుంచి అక్కడే ఉండిపోయిన వంటవాడు, పెనం మీద రొట్టె తిప్పుతూ. "జెర తిని పండుకో."

చౌకీ అంటే ఇసుక సంచులు పేర్చిన బంకరు, నీళ్ళ తొట్టి, వైర్‌లెస్ స్తంభం. చుట్టూ సున్నం కొట్టిన రాళ్ళు. రాళ్ళ లోపల నేల గట్టిది. ఒంటెలు వచ్చే దారి తప్ప, బయటికి ఎటు నాలుగడుగులు వేసినా ఇసుక మనిషిని మింగేస్తుంది. అటునుంచి శత్రువు వచ్చే దారే లేదు. అయినా కాపలా కాశాం. పటం మీద గీత గీసినవాళ్ళు మాత్రం చల్లటి బంగళాల్లో కూర్చున్నారు.

పేర్లు లేకుండా బతకడం మాకు కష్టమేం కాలేదు. ఇళ్ళల్లో మాత్రం ఎవరిని పేరు పెట్టి పిలుస్తాం? వారం తిరగకుండా జమేదారు కాకా అయ్యాడు. వంటవాడు బావ. వైర్‌లెస్ చూసే అతను నాకంటే కాస్త పెద్ద, కాబట్టి అన్న. నేను అందరికీ తమ్మిని. హుకుం పాటిస్తున్నామని, పైగా సొంత ఇంట్లో ఉన్నట్టుందని మురిసిపోయాం.

అన్న సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. వచ్చిన కొత్తలో నాకు విరేచనాలు పట్టుకుంటే తన వంతు నీళ్ళు నాకు తాగించి, నా కాపలా తను కాశాడు. తోడబుట్టినవాడు కూడా అంత చెయ్యడు. ఒకరోజు మాటల్లో నోరు జారాడు.

"రైలు కూత లేకుంటే నాకు నిద్ర వస్తలేదు తమ్మీ. సీతాఫల్‌మండిల పట్టాల పక్కనే మా ఇల్లు. చలికాలం షురూ అయ్యేలోపల వస్తనని మీ వదినెకు మాటిచ్చిన."

వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఆ మాట నిలబెట్టుకోవాలనే అతని యావంతా. మా బదులు కొత్త జట్టు ఎప్పుడొస్తుందని వైర్‌లెస్‌లో రోజూ అడిగేవాడు.

వానాకాలం చివర ఒక మధ్యాహ్నం, దిబ్బల వైపు నుంచి అన్న గొంతు "తమ్మీ!" అని పిలిచింది. లేచాను. రాళ్ళ దాకా వెళ్ళాను. వెనకనుంచి ఎవరో నా బెల్టు పట్టుకుని లాగారు. అన్న.

"నేను ఈడనే ఉన్న," అన్నాడు.

ఇసుక మా వరసలు నేర్చుకుంది. అన్న పరుగున పోయి వైర్‌లెస్ తిప్పాడు.

"చౌకీకెళ్ళి మాట్లాడుతున్న. మా పిలుపులు ఇసుకకు తెలిసిపోయినయి. పిలుసుడు బంద్ చేసి సీటీలు ఊదుతం. ఇజాజత్ కావాలె. ఓవర్."

"హుకుం వచ్చేదాక ఇప్పుడున్నట్టే నడిపియ్యి. ఓవర్."

ఆ హుకుం రాలేదు. మూడోనాటికి వైర్‌లెసే మూగబోయింది. అక్కడ హైదరాబాద్‌లో పోలీస్ యాక్షన్ అయిపోయింది. మా దొరలు ఇండియా ఫౌజుకు లొంగిపోయారు. ఇసుకలో నలుగురున్నారన్న సంగతి ఒక్కడికీ గుర్తు రాలేదు.

"కాకా, ఒకరి పేరు ఒకరికి చెవుల చెప్పుకుందం," అని అన్న బతిమాలాడు. "ఇసుకకు తెల్వనిది మనకొక్కటన్న ఉండాలె."

"కొత్త హుకుం రాలే. నోరు మూసుకో," అన్నాడు జమేదారు.

మరునాడు గాలి లేచింది. అయిదు గజాల అవతల మనిషి ఆనడం లేదు. అన్న స్తంభం దగ్గర ఊడిన తీగ కడుతున్నాడు. నేను బంకరు వెనక తొట్టికి తాటిపత్రి గుడ్డ కప్పుతున్నాను. అప్పుడు నా గొంతు నాకే వినిపించింది, దిబ్బల్లోంచి.

"అన్నా! కాలు దిగబడ్డది! జల్ది రా!"

నేను ఇవతలికి వచ్చేసరికి అన్న రాళ్ళు దాటేశాడు. గొంతు చించుకుని అరిచాను. "అన్నా! నేను ఈడున్న! మంచిగనే ఉన్న!"

ఆగాడు. దుమ్ములో నీడలా కనబడుతున్నాడు. ఇటు తిరిగాడు. అటు నుంచి నా గొంతే మళ్ళీ ఏడ్చింది. అటు తిరిగాడు.

"తమ్మీ, ఏడున్నవ్‌రా?"

ఒక్క పేరు చాలు. అతని పేరు పెట్టి పిలిస్తే నేనే నిజమని తెలిసేది. నాకు అతని పేరు తెలియదు. నెలల తరబడి ఒకే కంచంలో తిన్నాం, పేరు తెలియదు. ముందుకు దూకబోతే జమేదారు, వంటవాడు నన్ను కింద పడేసి మీద కూర్చున్నారు.

అన్న అటే వెళ్ళాడు. బాగున్నానని అరిచేవాణ్ణి వదిలేసి, చచ్చిపోతున్నానని ఏడ్చేవాడి దగ్గరికి వెళ్ళాడు. అలాంటి మనిషి.

తర్వాత ఒంటెల వ్యాపారులు మమ్మల్ని తీసుకొచ్చారు. దారిలో జ్వరంతో జమేదారు పోయాడు. సికింద్రాబాద్‌లో జెండా మారింది. ఫౌజు దఫ్తర్‌లో కొత్త గుమాస్తా పటం పరిచి చూపించాడు. "అక్కడ ఎడారే లేదు కదయ్యా. పోయినాయన పేరు చెప్పు, రాసుకుంటా." చెప్పలేకపోయాను. పేర్లున్న కాగితాలు గడబిడలో ఎవరో తగలబెట్టారట. ఆ రోజు ఆ బల్లను తలకిందులు చెయ్యనందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

సీతాఫల్‌మండి వెళ్ళాను. పట్టాల పక్క ఇళ్ళ ముందు నిలబడి, ఫౌజుకు పోయినాయన ఇల్లు ఏదని అడిగాను.

"పేరేంది?" అంది ఒక ముసలామె.

"తెల్వదమ్మా. సన్నగ, పొడుగ్గ ఉంటడు."

ఫౌజు మనిషి వచ్చాడని వాడంతా పాకింది. ఆ ఏడు ఇల్లు చేరని మగవాళ్ళు చాలామంది. నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె చేతులకు పిండి అట్లాగే ఉంది.

"మా నర్సింలేనా? సన్నగనే ఉంటడు."

"మా దేవదానం గావొచ్చు. మా దేవదానమే పొడుగు."

"మా ఎల్లయ్యను చూసినవా అన్నా?"

నాలుగో ఆమె పేరు చెప్పలేదు. నా ముఖంలోకే చూస్తోంది. మనిషి పోయాడన్న మాట నా నోటి దాకా వచ్చింది. ఆ మాట అంటే నలుగురూ అక్కడే కూలబడతారు. అందులో ముగ్గురి మొగుళ్ళు బతికే ఉండొచ్చు.

"వస్తున్నరు," అన్నాను. "అందరు వస్తున్నరు."

నలుగురూ ఒక్కసారే నవ్వారు.