తనిఖీకి ముందు వేసిన సున్నం

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి మా ఊరి పాత బడి ముందు ఉన్నవి: అద్దెకు తెచ్చిన షామియానా ఒకటి, ప్లాస్టిక్ కుర్చీలు నలభై, అందులో తువ్వాలు పరిచినది ఒకటి, బంతిపూల దండలు రెండు, ఐసులో పెట్టిన కూల్‌డ్రింకులు, ఎంత తట్టినా పలకని మైకు. ఉన్నవాళ్లు: మేం ప్రెసిడెంటు గారు అని పిలిచే సర్పంచి, మా పేట పొదుపు సంఘం ఆడవాళ్లు, వాళ్లందరికీ ముందు మా అమ్మ, ఎనభై దాటిన తాత ఒకాయన, చేపల చెరువుల మీద పని మానుకుని వచ్చిన మగవాళ్లు. ఉండాల్సింది ఒక్కటే లేదు. వెనక గోడ మీద పగులు.

నేను తాడేపల్లిగూడెం నుంచి ఆకివీడు మీదుగా వచ్చి అప్పుడే బండి దిగాను. హెల్మెట్ తీయకుండానే బడి చుట్టూ తిరిగాను. నాలుగు వైపులా తెల్లగా ఉంది.

అది మిషను దొరలు ఇటుకతో, గానుగ సున్నంతో కట్టిన బడి. పిల్లలు కొత్త భవనానికి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. కానీ ఊళ్లో దాని అరుగంత ఎత్తు మరేదీ లేదు. కొల్లేరు నిండి నీళ్లు వెనక్కి తన్నినప్పుడల్లా ముందు మునిగేది మా పేట. అప్పుడు మూటలూ మేకలతో సహా అందరం ఆ అరుగెక్కుతాం. చుట్టూ మూడు కిలోమీటర్ల దాకా చెరువులే, వేరే మెరక లేదు. పాత కట్టడం కాబట్టి ఎవరూ ముట్టుకోకూడదని సంబంధిత శాఖ వాళ్లు ఒక బోర్డు పాతి వెళ్లారు. ఆ తర్వాత వాళ్లూ ముట్టుకోలేదు. అర్జీల మీద అర్జీలు పెడితే ఇన్నాళ్లకు ఏలూరు నుంచి ఆ శాఖ ఇంజనీరు గారు ఒకరు వస్తున్నారు. వానలు పడేలోపు మరమ్మతు చేయాల్సిన కట్టడాలు ఏవో చూసి రాసుకునే పని ఆయనది.

నేను సివిల్ డిప్లొమా చదివి రైసు మిల్లుల షెడ్లకు డ్రాయింగులు గీస్తున్నాను. పగులు కొలిచింది నేనే. అడుగున నాలుగు మిల్లీమీటర్లు, పైన పదకొండు. గోడ పై అంచు ఆరు సెంటీమీటర్లు బయటికి వాలింది. ఇంకో వానాకాలం ఆగదని నా అంచనా. అందుకే ముందు వారమే అందరికీ చెప్పి వెళ్లాను. ముళ్లకంప, గబ్బిలాల రెట్ట, జారిన పెంకులు, పగులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఆయన కంట పడాలి, ఏదీ కదపొద్దు అని.

"ఎవరు వేయించారమ్మా ఈ సున్నం?"

"మేమేరా. రెండు రోజులు పట్టింది. బాగుంది కదా?"

"పగులేది?"

"మేస్త్రి చేత సిమెంటు కూరిపించాం. నోరు తెరుచుకుని అసయ్యంగా ఉంది మరి."

"అది చూస్తారనే కదా ఉంచమన్నాను!"

"ఏలూరు నుంచి అంతటాయన వస్తుంటే గబ్బిలాల కంపు చూపిస్తామా? రేపు నీకు పిల్లనిచ్చేవాళ్లు వస్తే ఇల్లు ఊడవకుండా కూర్చోబెడతామా?"

ఆడవాళ్లందరూ నవ్వారు. తాత మాత్రం కుర్చీలోంచి, "డాక్టరు దగ్గరికెళ్తా మొహానికి పౌడరు రాసుకున్నట్టుంది మన యవ్వారం" అన్నాడు.

బండి డిక్కీలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని వెనక గోడ వైపు వెళ్లాను. ప్రెసిడెంటు గారు అడ్డం వచ్చారు. "సున్నం ఇంకా పచ్చిగా ఉంది బాబూ, గీకితే మచ్చ పడద్ది. కాసేపు కూర్చో." పగులున్న చోట నిలువునా 'స్వాగతం' అని ఫ్లెక్సీ కూడా కట్టించారాయన.

పది దాటింది. పదకొండూ దాటింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. షామియానా నుంచి రోడ్డు దాకా, రోడ్డు నుంచి గోడ దాకా తిరుగుతున్నాను. ఫోనులో పాత ఫొటోలు ఉన్నాయో లేదో మళ్లీ మళ్లీ చూసుకున్నాను. పడమట మబ్బు కనబడితే ఆగి చూశాను. ఐసు కరిగి నీళ్లయింది.

ఒంటిగంట దాటాక జీపు వచ్చింది. ఇంజనీరు గారు నెమ్మదస్తుడు. దండ వేయించుకుని, బడి ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. "ఇంత శుభ్రంగా పెట్టుకున్న ఊరు నేను చూళ్లేదండీ" అన్నారు. మా అమ్మ నావైపు చూసింది.

"సార్, ఒక్కసారి వెనక్కి రండి" అన్నాను. ఫ్లెక్సీ పక్కకు లాగి స్క్రూడ్రైవరుతో గీకాను. సిమెంటు పెళ్లగా ఊడి కింద పడింది. ఆయన వేలు పెట్టి చూశారు. తర్వాత తలెత్తి గోడ పై అంచు వంక చాలాసేపు చూశారు. "వాలింది" అన్నారు మెల్లగా. పొద్దుటి నుంచి అప్పుడే నాకు ఊపిరాడింది.

"ఈ సిమెంటు ఎప్పుడు పెట్టారు?"

"తాజాదేనండి, ఆయ్, మొన్నే పెట్టించాం" అన్నారు ప్రెసిడెంటు గారు సంబరంగా.

ఇంజనీరు గారు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు. "ఇలాంటి కట్టడానికి సున్నం వేయడమే తప్పండీ. సిమెంటైతే మరీను. నేను పగులు రాయాలంటే సిమెంటూ రాయాలి. సిమెంటు రాస్తే ఎవరు పెట్టారో రాయాలి."

మా అమ్మ ముందుకొచ్చింది. "నా పేరు రాసుకోండి సార్. చేయించింది నేనే. గోడ సంగతి మాత్రం రాయండి."

"పేరు రాస్తే కేసవుద్దమ్మా. కేసు తేలేదాకా ఇక్కడ ఇటుక కూడా కదపనివ్వరు. అందుకని నేను చూళ్లేదనుకుంటాను. సిమెంటు మెల్లగా తీయించేయండి. వచ్చే ఏడు మళ్లీ వస్తాను."

"వచ్చే ఏటికి గోడుండదు సార్" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి తీసేశారు. ప్రెసిడెంటు గారు, "భోంచేసి వెళ్లాలండి" అన్నారు. భోంచేశారు. కొరమీను పులుసు బాగుందని రెండుసార్లు చెప్పి వెళ్లారు.

జీపు మలుపు తిరిగిందో లేదో గొడవ మొదలైంది. "అంతా మీ ఆడోళ్ల సోకు వల్లే" అన్నాడొకడు. "బకెట్లు మోసింది ఎవర్రా, మీ తాతా?" అంది మా అమ్మ. తాత, "నేను మోయలేదమ్మా, నన్ను లాగకండి" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాసేపటికి అమ్మ కుర్చీ మీది తువ్వాలు మడత పెడుతూ, "సిమెంటు పెడితే కేసవుద్దని ముందే చెప్పొచ్చు కదరా" అంది.

"నాకూ తెలీదమ్మా."

మొదటి వాన ఆదివారం పడింది. ఆ సాయంత్రమే పడవకి వాడే నైలాను తాడు తీసుకుని బడికి వెళ్లాను. గోడ పడితే పైకప్పు ఎంతవరకు కూలుతుందో లెక్కేసి, వెనక రెండు గదులకూ అడ్డంగా తాడు కట్టాను. మిగిలిన ముందు గది, వరండా కొలుస్తుంటే అమ్మ టేపు రెండో కొస పట్టుకుంది.

"మనిషికెంత లెక్కేశావు?"

"మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే ఎంత పట్టుద్దో అంత."

"మరి మూటలకో?"

"మూటల్లేవు."

"ముసలాళ్లు పడుకోవాలి కదరా."

టేపు చుట్టేశాను. నలభై చిల్లర చదరపు మీటర్లు వచ్చింది. మా పేటలో జనం రెండు వందల పన్నెండు. తాడుకి ఇవతల పట్టేది తొంభై.